411 మీటర్ల దగ్గర ఆగిన సూది

మేడ్చల్‌లోనో శామీర్‌పేటలోనో పాత ఇంటి అటక మీద వాల్వు రేడియో ఉంటే కిందికి దించి, డయలు అద్దం తుడిచి చూడండి. అంకెలు చాలా వాటిలో మీటర్లలో ఉంటాయి. హైదరాబాద్ స్టేషన్ పాత చిరునామా 411 మీటర్లు, అంటే 730 కిలోహెర్ట్జ్. 1933లో చిరాగ్ అలీ లేన్‌లో మహబూబ్ అలీ 200 వాట్లతో మొదలుపెట్టిన కేంద్రాన్ని 1935 ఫిబ్రవరి 3న నిజాం ప్రభుత్వం తీసుకుంది. 1939లో సరూర్‌నగర్‌లో 5 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్ వచ్చింది. 1950 ఏప్రిల్ 1న దక్కన్ రేడియో అనే ఈ కేంద్రం ఆలిండియా రేడియోలో కలిసింది.

మరి మనకు అలవాటైన 738 ఎక్కడిది? 1978 నవంబరు నుంచి ఆసియాలో మీడియం వేవ్ స్టేషన్లు తొమ్మిదో ఎక్కంలో పడే అంకెల మీదే ఉండాలన్నారు. 82 తొమ్ముదులు 738. విజయవాడ 837, విశాఖ 927, కడప 900 కూడా అంతే, భాగించి చూసుకోండి.

మరి స్వరం నాణ్యత? మీడియం వేవ్‌లో హైఫై ఏమిటంటారేమో. పక్క స్టేషన్ జొరబడకుండా మామూలు సెట్టు దాదాపు నాలుగున్నర కిలోహెర్ట్జ్ దగ్గరే స్వరాన్ని కోసేస్తుంది. వయొలిన్ మెరుపు, మృదంగం మీద వేలి చప్పుడు అక్కడే పోతాయి. మేలు రకం సెట్లలో ఈ కోతను వెడల్పు చేసుకునే మీట ఉండేది. దూరపు స్టేషన్‌కు ఇరుకు, దగ్గరిదానికి వెడల్పు. సరూర్‌నగర్ నుంచి శామీర్‌పేట గాలిదారిన పాతిక కిలోమీటర్లే కాబట్టి పగటిపూట వెడల్పుగా తెరిచినా గోల ఉండదు. నన్నడిగితే పాత రేడియోలో అన్నిటికన్నా గొప్ప భాగం ఈ మీటే. ఫిలిప్స్ బై-యాంప్లి సెట్లు ఇంకో మెట్టు ఎక్కాయి. గంభీర స్వరాలకు ఒక యాంప్లిఫయర్, కీచు స్వరాలకు మరొకటి. 800 ఓముల స్పీకర్లను నేరుగా నడిపేవి, మధ్యలో ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరే లేదు.

స్టేషన్ కుదిరిందో లేదో చూపే మ్యాజిక్ ఐని చూసినవాళ్లు మరిచిపోరు. ముందు చీకటి. వాల్వులు వేడెక్కేదాకా అర నిమిషం ఆగాలి. తర్వాత గుండ్రటి పచ్చటి వెలుగు, అందులో విసనకర్రలాంటి నీడ. స్టేషన్ సరిగ్గా దొరికే కొద్దీ ఆ నీడ ముడుచుకుపోతుంది. అమెరికాలో 1935లో 6ఇ5 వాల్వుతో బజారుకొచ్చింది ఇది.

ఇక మన నేల. మీడియం వేవ్ పగలు భూమిని పట్టుకుని పాకుతుంది. తడి నేల, సముద్రపు నీరు దాన్ని బాగా మోస్తాయి. మన వైపు రాతి గుట్టలు త్వరగా నీరసింపజేస్తాయి. ఇంటి మీద రాగి జాలీ ఏరియల్ కట్టి, పెరట్లో గొయ్యి తవ్వి, ఉప్పు, బొగ్గు పోసి ఎర్త్ వేసి, ఎండాకాలం రోజూ చెంబెడు నీళ్లు పోసింది ఇందుకే.

చిన్న ప్రయోగం. చాలా సెట్లు వచ్చిన తరంగాన్ని 455 కిలోహెర్ట్జ్‌కు మారుస్తాయి. అందుకోసం లోపల మరో తరంగాన్ని పుట్టిస్తాయి. 738 పెట్టినప్పుడు అది 1193. పక్కనే ట్రాన్సిస్టర్ పెట్టి సుమారు 1193 దగ్గర మెల్లగా తిప్పండి. గరగర ఠక్కున ఆగిపోతే, మీ పాత రేడియో తానే ఓ బుల్లి ట్రాన్స్‌మిటర్‌లా పలుకుతున్నట్టు.

ఒక్క మాట. ఏళ్లుగా మూలపడ్డ సెట్టును నేరుగా ప్లగ్గులో పెట్టొద్దు. మైనం పూత కాగితపు కెపాసిటర్లు కారిపోయి ఉంటాయి. ఏసీ-డీసీ రకాల్లో లోపలి రేకుకే షాకు ఉంటుంది, ముట్టుకోవద్దు. తెలిసిన మెకానిక్ చేత వంద వాట్ల పాత ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో పెట్టించండి. బల్బు ఒకసారి వెలిగి మందగిస్తే సరే. అలాగే భగ్గున వెలుగుతూ ఉంటే వెంటనే స్విచ్ ఆపించండి.