బడిలో పర్యావరణం: మొక్క నాటి ఫొటో దిగితే సరిపోదు.. అమ్మానాన్నలు, ఊరు ఎందుకు కలవాలంటే?

ఒంటిపూట బడులు తెలుగు రాష్ట్రాలకు కొత్తేం కాదు. కానీ ఇప్పుడు వాటికి తోడు నీళ్లు తాగమని గుర్తుచేసే వాటర్ బెల్ వచ్చింది. తుపాను, వరద హెచ్చరికలతో సెలవులు ఇవ్వాల్సి వస్తోంది. వాతావరణ మార్పు పుస్తకంలో ఓ పాఠమే కావచ్చు.. దాని దెబ్బ మాత్రం నేరుగా తరగతి గదికే తగులుతోంది.

యునిసెఫ్ 2025 జనవరిలో విడుదల చేసిన నివేదిక ప్రకారం.. 2024లో ఎండలు, తుపాన్లు, వరదల వల్ల 85 దేశాల్లో దాదాపు 24.2 కోట్ల మంది విద్యార్థుల చదువుకు ఆటంకం కలిగింది. అందులో భారత్‌ వాటానే 5 కోట్లకు పైగా. మరి బడులు ఏం చేయగలవు? హెడ్‌మాస్టర్ ఒక్కరే చేయగలరా? ఈ పనిలో పిల్లలు, తల్లిదండ్రులు, ఊరు ఎలా కలవాలి?

ఎకో క్లబ్బులు ఉన్నాయిగా.. ఇంకేం కావాలి?

పర్యావరణాన్ని పాఠంగా చెప్పాలని సుప్రీంకోర్టు 1991లోనే ఎంసీ మెహతా కేసులో స్పష్టం చేసింది. 2001-02లో నేషనల్ గ్రీన్ కోర్ మొదలైంది. దాని కిందే బడుల్లో ఎకో క్లబ్బులు వచ్చాయి. 2022 అక్టోబర్‌లో కేంద్రం 'మిషన్ లైఫ్' ప్రారంభించింది. 2024 జూన్ 5 నుంచి 'ఏక్ పేడ్ మా కే నామ్' పేరుతో అమ్మ పేరిట మొక్కలు నాటిస్తున్నారు.

అంటే కార్యక్రమాలకు లోటు లేదు. చిక్కల్లా కొనసాగింపులోనే. జులైలో నాటిన మొక్కకు ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు పోసేదెవరు? అప్పటికి బడికి సెలవులు. గేటుకు తాళం. ఊళ్లోవాళ్లు తమదనుకుంటే తప్ప ఆ మొక్క బతకదు. తల్లిదండ్రులు, గ్రామస్థులు కలవాలనేది అందుకే.

పిల్లలు చెబితే పెద్దలు వింటారా?

వింటారనే అంటోంది అమెరికాలో జరిగిన ఓ పరిశోధన. నార్త్ కరోలినాలో కొందరు విద్యార్థులకు వాతావరణ మార్పు పాఠాలు చెప్పి, ఇంట్లో పెద్దవాళ్లను ఇంటర్వ్యూ చేయమన్నారు. 2019లో వెలువడిన ఫలితాల ప్రకారం ఆ పిల్లల తల్లిదండ్రుల్లోనూ ఈ విషయంపై పట్టింపు పెరిగింది. ముఖ్యంగా కూతుళ్లు చెప్పినప్పుడు ప్రభావం ఎక్కువగా కనిపించింది.

ఇక్కడ ఇంటర్వ్యూ అన్నదే కీలకం. పిల్లలు ఇంటికెళ్లి క్లాసు పీకలేదు.. ప్రశ్నలు అడిగారు. మన దగ్గరా అదే చేయొచ్చు. 'తాతయ్యా, నీ చిన్నప్పుడు మన బావిలో నీళ్లు ఏ నెల దాకా ఉండేవి?', 'నాన్నా, ఈసారి విత్తనాలు ఎప్పుడు వేశావు?' అని అడిగి రాసుకొస్తే చాలు. ఊరి వాతావరణ చరిత్ర నోటుబుక్కులోకి వచ్చేస్తుంది.

ముందు లెక్క.. తర్వాతే ప్లాన్

ఏం చేయాలో తెలియాలంటే ముందు బడి పరిస్థితి తెలియాలి. ఢిల్లీకి చెందిన సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ నడిపే గ్రీన్ స్కూల్స్ కార్యక్రమంలో గాలి, కరెంటు, ఆహారం, నేల, నీరు, చెత్త.. ఈ ఆరింటినీ విద్యార్థులే ఆడిట్ చేస్తారు. ఆ పద్ధతిలో ఏ బడైనా లెక్క తీయొచ్చు.

* కరెంటు: ఓ బడిలో 75 వాట్ల ఫ్యాన్లు 20 ఉన్నాయనుకుందాం. రోజుకు 7 గంటలు తిరిగితే 10.5 యూనిట్లు కాలతాయి. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లైతే 4.2 యూనిట్లే. 220 పనిదినాలకు ఆదా దాదాపు 1,386 యూనిట్లు. యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున లెక్కేస్తే ఏడాదికి దాదాపు టన్ను. కరెంటు ఉచితమైన చోట బిల్లులో ఈ తేడా కనపడదు. అందుకే పిల్లలతో మీటర్ రీడింగ్ రాయించాలి.
* నీళ్లు: చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. 300 చదరపు మీటర్ల కప్పు మీద 10 మిల్లీమీటర్లు కురిస్తే 3,000 లీటర్లు. అందులో ఎంత ఇంకుడుగుంతకు చేరుతోంది, ఎంత రోడ్డు పాలవుతోంది?
* భోజనం: మధ్యాహ్న భోజనంలో ఏ రోజు, ఏ కూర ఎక్కువగా మిగులుతోందో వారం పాటు తూకం వేయాలి. తప్పు పిల్లలదా, వంటదా, మెనూదా అన్నది తేలిపోతుంది.
* ఎండ: గోడకు థర్మామీటర్ తగిలించి రోజూ మధ్యాహ్నం 12 గంటలకు రాయాలి. రేకుల గదికి, స్లాబ్ గదికి, చెట్టు నీడకు తేడా పిల్లలకే అర్థమవుతుంది.

తల్లిదండ్రులకు చట్టమే చోటిచ్చింది

విద్యాహక్కు చట్టం-2009లోని సెక్షన్ 21 ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఉండాలి. సభ్యుల్లో కనీసం 75 శాతం మంది తల్లిదండ్రులు, సంరక్షకులే. సగం మంది మహిళలు. సెక్షన్ 22 ప్రకారం బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాల్సింది ఈ కమిటీయే. తెలంగాణలో 2024 నుంచి మహిళా సంఘాల ఆధ్వర్యంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా పనిచేస్తున్నాయి. ఏపీలో 2024 డిసెంబర్ 7న, 2025 జులై 10న మెగా పేరెంట్ టీచర్ మీటింగ్‌లు జరిగాయి.

పిల్లలు తీసిన లెక్కల్ని ఈ సమావేశాల్లో పిల్లలతోనే చెప్పించి, రెండు మూడు పనులను అభివృద్ధి ప్రణాళికలో చేర్పిస్తే అది అధికారిక పత్రం అవుతుంది. హెడ్‌మాస్టర్ బదిలీ అయినా పని ఆగదు. కూలికి వెళ్లే తల్లిదండ్రులు పగటిపూట మీటింగుకు రాలేరు. సాయంత్రం పెడితే వచ్చేవాళ్లు పెరుగుతారు. డబ్బులు అడగడం కంటే.. తాపీ మేస్త్రీ, ఎలక్ట్రీషియన్, రైతు.. ఎవరి పని వాళ్లను ఓ పూట అడగడం మేలు.

ఊరు ఏం చేయాలి?

బడిలో తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి, గేటు బయట పంచాయతీ ట్రాక్టర్ రెండింటినీ కలిపేస్తే పిల్లలు నేర్చుకునేది వేరే పాఠం. అందుకే పంచాయతీ కూడా ఇందులో ఉండాలి. ఇంకుడుగుంతలు, మొక్కల పెంపకం పనులు ఉపాధి హామీ కింద ఊళ్లు ఇదివరకే చేశాయి. వేసవి సెలవుల్లో మొక్కలకు నీళ్ల బాధ్యత ఎవరిదో పేర్లతో సహా గోడ మీద రాయించొచ్చు.

వేడి తగ్గించేందుకు కప్పుకు తెల్లటి సున్నం లేదా కూల్ రూఫ్ పెయింట్ వేయడం తక్కువ ఖర్చు మార్గం. తెలంగాణ 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. ముందు, తర్వాత ఉష్ణోగ్రతలను పిల్లలే కొలిచి చూపిస్తే, ఊళ్లో మిగతా రేకుల ఇళ్లవాళ్లూ ఆలోచిస్తారు.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

* భూమి వేడెక్కడానికి కారణం పిల్లలు కాదు. 'అంతా మీ చేతుల్లోనే ఉంది' అంటూ వాళ్ల మీద భారం మోపొద్దు. భయపెట్టే పాఠం కంటే చేయగలిగే పని చూపించాలి.
* ఎండలో ర్యాలీలు వద్దు. ప్లాస్టిక్ ఫ్లెక్సీ కట్టి ప్లాస్టిక్ వద్దని చెప్పొద్దు.
* ఊడ్చే పని, చెత్త ఎత్తే పని కొందరు పిల్లలకే అప్పగించొద్దు. అమ్మాయిలకు, ఏదో ఒక కులం పిల్లలకు మాత్రమే ఆ పని పడితే అది పర్యావరణ పాఠం కాదు, వివక్ష.
* ఎన్ని మొక్కలు నాటామన్నది కాదు.. మరుసటి జూన్‌లో బడి తెరిచేనాటికి ఎన్ని బతికాయన్నదే లెక్క. ఆ సంఖ్యను నోటీసు బోర్డులో పెట్టాలి.

బడి ఒక్కటే ఎండల్ని ఆపలేదు. కానీ తరగతి గదిలో వేడి తగ్గడం, బోరు ఎండకుండా ఉండటం, తుపాను వస్తే ఎక్కడికి వెళ్లాలో ప్రతి ఇంటికీ తెలియడం.. ఇవి ఊరి చేతిలో ఉన్న పనులే. తదుపరి కమిటీ సమావేశం అజెండాలో ఒక్క అంశంగా చేర్చినా మొదలుపెట్టొచ్చు.