మన వెబ్‌సైట్ ఎవరు చూస్తున్నారు? గూగుల్ అనలిటిక్స్ పెట్టుకునే విధానం



దళారీ లేకుండా నవార, కాలాబట్టి బియ్యం, బెల్లం, పప్పులు సొంత వెబ్‌సైట్ పెట్టుకుని అమ్ముకునే రైతులు మనలో ఉన్నారు. ఫోటోలు, వీడియోలు పెడతాం. కానీ ఏ పేజీ చూసినవాళ్ళు మనకి వాట్సాప్ చేస్తున్నారో తెలియదు. మందు పెట్టని బియ్యం ఎక్కువ రోజులు ఉంటే పురుగు పడుతుంది. అందుకే కొనేవాళ్ళు ఏ దారిలో వస్తున్నారో తెలియాలి.

ఇది ఎలా పనిచేస్తుంది?

గూగుల్ వాళ్ళు ఉచితంగా ఇచ్చే జీట్యాగ్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ ఉంది. దాన్ని పిలిచే నాలుగైదు లైన్ల కోడ్ మన పేజీలో పెడతాం. ఎవరైనా పేజీ తెరవగానే వాళ్ళ ఫోన్‌లోని బ్రౌజర్ ఆ లైబ్రరీని తెచ్చుకుని, ఏ పేజీ చూశారు, ఎక్కడి నుంచి వచ్చారు, సుమారుగా ఏ ఊరు అనే వివరాలు గూగుల్‌కి పంపుతుంది.

పెట్టుకునే విధానం:

1. గూగుల్ అనలిటిక్స్‌లో అకౌంట్ తెరిచి, ప్రాపర్టీ, అందులో వెబ్ స్ట్రీమ్ తయారు చేయండి. "జీ" అక్షరంతో మొదలయ్యే ఒక ఐడీ వస్తుంది.

2. అక్కడ ఇచ్చిన కోడ్‌ని ప్రతి పేజీలో హెడ్ ట్యాగ్ మొదలైన వెంటనే పెట్టాలి. బ్లాగర్ వాడేవాళ్ళు సెట్టింగ్స్‌లో ఐడీ ఇస్తే చాలు. వర్డ్‌ప్రెస్ వాళ్ళకి సైట్ కిట్ ప్లగిన్ తేలిక. రెండు రకాలుగానూ పెట్టొద్దు, లెక్క డబుల్ అవుతుంది.

3. మీ ఫోన్‌లో సైట్ తెరిచి, రియల్‌టైమ్ రిపోర్ట్ చూడండి. మీరు కనిపిస్తే పని అయినట్టే.

"యూఏ"తో మొదలయ్యే పాత ఐడీ ఉంటే అది 2023 జులై 1 నుంచి లెక్క తీసుకోవడం ఆపేసింది. కొత్తది పెట్టుకోవాలి.

తప్పక మార్చాల్సిన సెట్టింగ్:

డేటా రిటెన్షన్ మామూలుగా 2 నెలలే ఉంటుంది. దాన్ని 14 నెలలు చేయండి. అప్పుడే పోయిన ఖరీఫ్‌కీ ఈ ఖరీఫ్‌కీ వివరంగా పోల్చుకోగలం. పోయిన డేటా మళ్ళీ రాదు.

ఏం చూడాలి?

ఎంతమంది వచ్చారన్నది ఒక్కటే చూసి మురిసిపోవద్దు. ఎన్‌హాన్స్‌డ్ మెజర్‌మెంట్ ఆన్‌లో ఉంటే మన వాట్సాప్ లింక్ నొక్కినవాళ్ళ లెక్క "క్లిక్" ఈవెంట్‌లో వస్తుంది. దాన్ని మీ ఆర్డర్ల పుస్తకంతో సరిచూడండి. వెయ్యిమంది చూసిన కషాయం వీడియో కంటే, యాభైమంది చూసిన బియ్యం పేజీ నుంచే ఎక్కువ ఆర్డర్లు వస్తుంటే, ముందు ఆ పేజీనే బాగుచేయాలి.

కొందరి బ్రౌజర్లు ఈ లైబ్రరీని ఆపేస్తాయి, కాబట్టి అంకెలు సుమారు లెక్కలే. కొనేవారి పేరు, ఫోన్ నంబర్ మాత్రం అనలిటిక్స్‌లోకి పంపకూడదు, గూగుల్ నిబంధనలు ఒప్పుకోవు. లెక్క తీసుకుంటున్నామని సైట్‌లో ఒక మాట రాయండి. మనల్ని నమ్మి కొనేవాళ్ళకి అది చెప్పడం మన ధర్మం.

కోడ్ ఎక్కడ పెట్టాలో వీడియోలో స్టెప్ బై స్టెప్ చూడగలరు. కోతలకి ముందే పెట్టుకోండి.