మాస్కు మెడకి కూడా కావాలి!

2020 మార్చి. ఊరంతా ముక్కుకి మాస్కులు కట్టుకుంటోంది. మా తాతయ్య మాత్రం మెడలో పెట్టిన ట్యూబుతో ఊపిరి తీసుకుంటున్నారు. గొంతులో గడ్డ అడ్డుపడితే డాక్టర్లు ట్రకియాస్టమీ చేశారు. మాట రాదు, పలక మీద రాసి చూపిస్తారు.

జనతా కర్ఫ్యూకి ముందురోజే నేను హైదరాబాద్ నుంచి దాచేపల్లి వచ్చేశా. కొద్దిరోజులకే పొందుగల చెక్‌పోస్టు దగ్గర జనం ఆగిపోయారు. 'వైరస్‌ని నేనే మోసుకొచ్చానేమో' అని భయమేసి 14 రోజులు మేడ మీద గదిలోనే ఉన్నా. నేను కిందికి దిగిన వారానికే అమ్మకి జ్వరం. తాతయ్యకి రోజూ సక్షన్ చేసేది అమ్మే. ఇప్పుడెవరు చెయ్యాలి?

ముక్కు గాలిని వడకట్టి, వెచ్చబరిచి, తడి చేసి లోపలికి పంపుతుంది. మెడలోని ట్యూబుకి ఆ సదుపాయం లేదు. పైగా మాకది మిరప కల్లాల కాలం, గాల్లో ఘాటు, దుమ్ము. అందుకే ట్యూబుకి హెచ్‌ఎంఈ ఫిల్టర్ పెట్టాలి, తడిస్తే మార్చాలి. కొంత గాలి ముక్కులోంచీ ఆడొచ్చు కాబట్టి ముఖానికీ మాస్కు ఉండాలి.

సక్షన్ చేసేటప్పుడు దగ్గొస్తే తుంపర్లు నేరుగా మన ముఖం మీదికే వస్తాయి. అలాగని మానేస్తే కఫం గట్టిపడి ట్యూబు మూసుకుపోతుంది. నిమిషాల్లో ప్రాణం మీదికొస్తుంది.

తెలిసిన నర్సు వీడియో కాల్‌లో నేర్పారు. మిగతావాళ్లని బయటికి పంపి, కిటికీ తెరిచా. చేతులు కడుక్కుని ఎన్95, ఫేస్ షీల్డ్, గ్లౌజులు వేసుకున్నా. సక్షన్ గొట్టాన్ని మెల్లగా లోపలికి పెట్టి, బయటికి తీసేటప్పుడు మాత్రమే కఫం లాగాలి. మొత్తం 10-15 సెకన్లలో అయిపోవాలి. మళ్లీ చెయ్యాలంటే ముందు ఆయన్ని ఊపిరి తీసుకోనివ్వాలి. పక్కన అదే సైజు ట్యూబు ఒకటి, చిన్న సైజుది ఒకటి సిద్ధంగా ఉంచుకోవాలి.

అయిపోయాక తాతయ్య పలక అందుకున్నారు. 'నీ చెయ్యి వణుకుతోందిరా. మీ అమ్మ దగ్గర నేర్చుకో.'

అమ్మకి తగ్గేదాకా నేనే చేశా. మీ ఇంట్లోనూ ఇలాంటివాళ్లుంటే, చెయ్యడం ఇద్దరికైనా వచ్చుండాలి. 108కి ఫోన్ చెయ్యాల్సొస్తే 'ఆయన మెడలోంచి ఊపిరి తీసుకుంటారు' అని ముందే చెప్పండి. ఆక్సిజన్ అక్కడే పెట్టాలి మరి!