కావలెను: ఒక సీనియర్ న్యూరాలజిస్టు

బోధనాసుపత్రుల నియామక ప్రకటనల్లో మళ్లీ మళ్లీ కనిపించే పోస్టుల్లో న్యూరాలజీ ప్రొఫెసర్ ఒకటి. రోగులను చూడాలి, క్లినికల్ పరిశోధన నడపాలి, జూనియర్లతో పాటు జనరల్ ఫిజీషియన్లకూ శిక్షణ ఇవ్వాలి. మూడూ ఒక్కరే చేయాలి. అలాంటివారు దొరకడం కష్టం. ఎంబీబీఎస్‌కు అయిదున్నరేళ్లు, ఎండీకి మూడేళ్లు, ఆపైన డీఎంకు మరో మూడేళ్లు పడుతుంది. ఆ తర్వాత బోధనలో ఏళ్లు గడిస్తే తప్ప ‘సీనియర్’ అనిపించుకోలేరు. ఈలోగా కార్పొరేట్ ఆసుపత్రులు పిలుస్తూనే ఉంటాయి.

అవసరం మాత్రం పెరుగుతోంది. దేశంలో మొత్తం వ్యాధి భారంలో అంటువ్యాధులు కాని నాడీ సంబంధ జబ్బుల వాటా 1990లో 4 శాతం ఉండగా, 2019 నాటికి అది 8.2 శాతానికి చేరిందని 2021లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం చెప్పింది. అందులో పెద్ద భాగం పక్షవాతానిదే. 140 కోట్ల జనాభాకు న్యూరాలజిస్టులు కొన్ని వేలమందే, వారిలోనూ ఎక్కువమంది నగరాల్లోనే ఉన్నారు. ప్రతి జిల్లాకూ ఒకరిని పంపడం ఇప్పట్లో అయ్యే పని కాదు. కాబట్టి జిల్లా ఆసుపత్రిలో ఉన్న ఫిజీషియన్‌కే ఆ పని నేర్పాలి. సీనియర్ అవసరం ఇక్కడే మొదలవుతుంది.

ఏం నేర్పాలి? పక్షవాతాన్నే తీసుకుందాం. మెదడుకు వెళ్లే రక్తనాళం గడ్డతో మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని ఒక అంచనా. గడ్డను కరిగించే ఆల్టెప్లేజ్ ఇంజెక్షన్‌ను సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. కానీ మూతి వంకరపోవడం, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం రక్తనాళం చిట్లినా కనిపిస్తాయి. చిట్లినప్పుడు ఇదే మందు ఇస్తే ప్రాణం పోవచ్చు. పైకి చూసి రెండింటినీ వేరు చేయలేం, సీటీ స్కాన్ కావాలి. రక్తంలో చక్కెర పడిపోయినా కొన్నిసార్లు అచ్చం పక్షవాతంలాగే ఉంటుంది. అందుకే ముందు వేలిని గుచ్చి చక్కెర చూడాలి. చిన్న పనే అయినా, హడావుడిలో మరిచిపోయేది కూడా ఇదే.

ఈ మందుకు పునాది వేసింది 1995లో అమెరికాలో 624 మందిపై జరిగిన పరీక్ష. మందు పొందినవారిలో 6.4 శాతం మందికి మెదడులో ప్రమాదకరమైన రక్తస్రావమైంది, డమ్మీ మందు తీసుకున్నవారిలో అది 0.6 శాతమే. అయినా మూడు నెలల తర్వాత వైకల్యం లేకుండా, లేదా నామమాత్రపు వైకల్యంతో మిగిలినవారు మందు పొందినవారిలోనే ఎక్కువ. ఈ లెక్క పుస్తకంలో చదవడం వేరు, రాత్రి రెండు గంటలకు రోగి కొడుకు ముందు నిలబడి సిరంజి పట్టుకోవడం వేరు. మొదటిసారి ఆ నిర్ణయం తీసుకునే ఫిజీషియన్‌కు ఫోన్ అవతల ఒక అనుభవజ్ఞుడు ఉండాలి.

హిమాచల్ ప్రదేశ్‌లో 2014 నుంచి చేసింది ఇదే. జిల్లా ఆసుపత్రుల్లోని వైద్యులకు ముందుగా శిక్షణ ఇచ్చారు. రోగి రాగానే పరీక్షించి, సీటీ తీసి, ఆ చిత్రాలను స్మార్ట్‌ఫోన్‌లో సిమ్లా, టాండా వైద్య కళాశాలల్లోని న్యూరాలజిస్టులకు పంపుతారు. వారు చూసి ఇవ్వమంటే అక్కడికక్కడే ఇంజెక్షన్ ఇస్తారు. ఖరీదైన ఆ మందును రాష్ట్ర ప్రభుత్వమే ఉచితంగా సమకూర్చింది. కొండదారుల్లో గంటల ప్రయాణం తప్పింది. ఇందులో కొత్త యంత్రమేదీ లేదు, ఉన్నదల్లా నేర్పే ఓపిక, ఫోన్ ఎత్తే అలవాటు.

పరిశోధన బాధ్యత ఇంకో రకం బరువు. క్లినికల్ ట్రయల్‌లో రోగికి తీవ్రమైన హాని జరిగితే ప్రధాన పరిశోధకుడు 24 గంటల్లో నియంత్రణ సంస్థకు, ఎథిక్స్ కమిటీకి తెలపాలని 2019 నాటి నిబంధనలు చెబుతున్నాయి. అంతకన్నా కష్టమైనది, ఆశించిన ఫలితం రానప్పుడు ఆ మాట ఒప్పుకోవడం. భారత వైద్య పరిశోధన మండలి మద్దతుతో, లూధియానా క్రిస్టియన్ మెడికల్ కాలేజీ సమన్వయంతో ‘స్ప్రింట్ ఇండియా’ ట్రయల్ జరిగింది. ఒకసారి పక్షవాతం వచ్చినవారికి తెలుగు సహా 12 భాషల్లో సంక్షిప్త సందేశాలు, వీడియోలు, ఒక వర్క్‌బుక్ ఇచ్చి, మళ్లీ జబ్బు రాకుండా ఆపగలమా అని చూశారు. 31 కేంద్రాలు, 4,298 మంది రోగులు. ఏడాది తిరిగేసరికి మళ్లీ వచ్చే పక్షవాతం, గుండెపోటు, మరణాలు తగ్గలేదు. మందులు క్రమం తప్పకుండా వాడటం మాత్రం కొంత మెరుగుపడింది. 2023లో ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్టు ప్రచురించారు. 31 చోట్ల ఒకే పద్ధతిలో రోగులను ఎంచుకుని, వారి వెంటపడటం ఇంత పెద్ద దేశంలో చిన్న విజయం కాదు. ప్రతి కేంద్రంలో దాన్ని నడిపించే ఒక పెద్ద దిక్కు లేకపోతే అది సాధ్యమయ్యేది కాదు.

ఈ రంగం మన దేశంలో మొదలైందే వేళ్లమీద లెక్కపెట్టగలిగినంతమందితో. 1951లో న్యూరలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియాను స్థాపించినవారు నలుగురు: జేకబ్ చాండీ, బి. రామమూర్తి, బల్దేవ్ సింగ్, ఎస్.టి. నరసింహన్. తర్వాతి తరాలు అలాంటివారి వార్డుల్లో తయారైనవే.

ఇప్పటి ఎంపిక పద్ధతిలో ఒక లోపం కనిపిస్తుంది. అభ్యర్థి ఎన్ని పత్రాలు ప్రచురించారో లెక్కిస్తారు. ఎంతమంది ఫిజీషియన్లకు ధైర్యంగా ఇంజెక్షన్ ఇవ్వడం నేర్పారో అడిగే గడి దరఖాస్తులో ఉండదు. ఆ ఖాళీ అలాగే మిగిలితే నష్టం ఒక్క పోస్టుతో ఆగదు. డీఎం సీట్ల సంఖ్య విభాగంలో ఉన్న సీనియర్ అధ్యాపకులను బట్టి నిర్ణయమవుతుంది. ప్రొఫెసర్ రిటైరై ఆ కుర్చీ భర్తీ కాకపోతే, అక్కడ తయారు కావలసిన తర్వాతి న్యూరాలజిస్టుల సీట్లూ ప్రమాదంలో పడతాయి.