పన్ను మీద పన్ను

ఆ పిల్లకి పదమూడేళ్ళు. నవ్వు వస్తే చాలు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. బళ్ళో పాఠం చదవమంటే తల వంచుకుంటుంది. పైన కోరపన్ను వరసలో రాలేదు. పక్క పన్ను మీదికి ఎక్కి, చిగురు పైనుంచి వచ్చింది.

“పన్ను మీద పన్ను ఉంటే అదృష్టమే పిల్లా!” అంటుంది నాయనమ్మ.

అదృష్టం సంగతి ఏమో గాని, ఆ సందులో మెతుకు ఇరుక్కుంటే తియ్యడం కష్టం. బ్రష్షు పోదు. వేపపుల్లా పోదు. మెల్లగా పన్ను పుచ్చుతుంది. చిగురు వాస్తుంది.

తల్లి దిగులు వేరు. రేపు పెళ్ళిచూపుల్లో ఏమంటారో అని. పదమూడేళ్ళ పిల్లకి అప్పుడే పెళ్ళి మాట ఎందుకు? సరే, ఆ దిగులుతోనే పిల్లని పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ నోరు చూసి ఒకే మాట అడిగింది.

“చిన్నప్పుడు దవడ పన్ను పీకించారా అమ్మా?”

తల్లికి గుర్తొచ్చింది. ఆరేళ్ళప్పుడు పన్ను పుచ్చింది. పిల్ల రాత్రంతా ఏడ్చింది. తెల్లారి పీకించేశారు.

“పాలపన్నే కదండీ! ఎలాగూ ఊడేదే కదా!”

చాలామంది ఇలాగే అనుకుంటారు. చిక్కంతా ఇక్కడే ఉంది.

పాలపళ్ళు మొత్తం 20. ముందు పళ్ళు ఆరేడేళ్ళకి ఊడతాయి. కాని పాల దవడ పళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా ఉండాలి. అవి నమలడానికి మాత్రమే కాదు. తరవాత వచ్చే గట్టి పళ్ళకి చోటు కాస్తాయి.

బస్సులో ముగ్గురు కూర్చునే సీటు ఉంది. మధ్యలో ఆమె లేచింది. పక్కామె ఊరుకుంటుందా? ఇటు జరుగుతుంది. లేచినామె తిరిగొస్తే చోటుండదు. నోట్లో కూడా ఇంతే. పాల దవడ పన్ను ముందే పోతే వెనక పన్ను ముందుకు జరుగుతుంది. పదకొండు, పన్నెండేళ్ళకి పై కోరపన్ను వస్తుంది. దానికి చోటుండదు. అది మాత్రం ఎక్కడికి పోతుంది? పైకెక్కుతుంది.

అందుకే పాలపన్ను పుచ్చితే పూడిపించాలి. పీకక తప్పకపోతే, చోటు నిలిపే తీగ వెయ్యమని అడగాలి. బస్సులో తువ్వాలు వేసి సీటు పట్టుకుంటాం చూడండి, అలాంటిదే అది. గట్టి పన్ను వచ్చాక తీగ తీసేస్తారు.

ఇంకో సంగతి. ఆరేళ్ళకి అన్నిటికన్నా వెనక పెద్ద పళ్ళు వస్తాయి. పైన రెండు, కింద రెండు. ఏ పన్నూ ఊడకుండానే వస్తాయి. అందుకని అవీ పాలపళ్ళే అనుకుంటారు. కాదు. అవి పోతే మళ్ళీ రావు.

అన్నీ మన చేతుల్లో ఉండవు. దవడ చిన్నది, పళ్ళు పెద్దవి అయితే ఇరుకవుతుంది. అది అమ్మ పోలికో, నాన్న పోలికో. దానికి తల్లిని ఆడిపోసుకోవడం తప్పు. నాలుగైదేళ్ళు దాటాక కూడా నోట్లో వేలు వేసుకుంటే పై పళ్ళు ఎత్తుగా వస్తాయి. ఎత్తుపళ్ళ పిల్లలు కిందపడితే ముందు పన్ను విరుగుతుంది. తిట్టి, కొడితే వేలు మానరు. చేతికి ఏదో పని చెప్పి మరిపించాలి. కింది పళ్ళు పై పళ్ళకి ముందుకు వస్తుంటే మాత్రం పెద్దయ్యేదాకా ఆగకూడదు. ఏడెనిమిదేళ్ళకే చూపించాలి. దవడ ఎదిగే వయసు అది.

వంకర పళ్ళు సరిచేసే డాక్టరుని ఆర్థోడాంటిస్టు అంటారు. పళ్ళకి చిన్న చిన్న క్లిప్పులు అంటిస్తారు. వాటిమీదుగా సన్నని తీగ బిగిస్తారు. రాయిలాంటి పన్ను ఎలా కదులుతుందని అనుమానం వస్తుంది. తీగ మెల్లగా నెడుతుంటే, పన్ను జరిగే వైపు ఎముక కొంచెం కరుగుతుంది. వెనక వైపు కొత్త ఎముక కడుతుంది. నెలకి సుమారు ఒక మిల్లీమీటరు జరుగుతుంది. అందుకే ఏడాదిన్నర, రెండేళ్ళు పడుతుంది. చోటు చాలకపోతే ఒకటి రెండు పళ్ళు తీయాల్సి రావచ్చు.

క్లిప్పులు వేసిన మొదటి నాలుగు రోజులు నొప్పి ఉంటుంది. పళ్ళు కొంచెం కదులుతున్నట్టు ఉంటాయి. భయం లేదు. చెరకు, జీళ్ళు, వేరుసెనగ ఉండలు తినకూడదు. క్లిప్పు ఊడుతుంది. తిన్న ప్రతిసారీ బ్రష్షు చెయ్యాలి. క్లిప్పులు తీశాక డాక్టరు ఇంకో పట్టీ ఇస్తారు. అది పెట్టుకోకపోతే పళ్ళు మళ్ళీ పాత దారి పడతాయి. పెద్దవాళ్ళు కూడా చేయించుకోవచ్చు. చిగుళ్ళు గట్టిగా ఉండాలి, అంతే.

ఖర్చు ఉంది. నాలుగైదు వారాలకోసారి వెళ్ళాలి, ఆ రోజు కూలి పోతుంది. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ దంత కళాశాలలు ఉన్నాయి. ప్రైవేటు కన్నా అక్కడ తక్కువలో అవుతుంది. ఎంతవుతుందో, ఎన్నిసార్లు రావాలో ముందే అడిగి రాయించుకోవాలి.

ఆ తల్లి పిల్లకి క్లిప్పులు వేయించడానికి ఒప్పుకుంది. ఇంటికి రాగానే కొడుకుని పిలిచింది. వాడికి ఆరేళ్ళు. లైటు కింద నిలబెట్టి నోరు తెరవమంది. అన్నిటికన్నా వెనక, చిగురు చీల్చుకుని తెల్లగా ఒక పన్ను కనబడింది.