రంగు మారిందంటే ఛార్జి ఎక్కినట్టే!

ప్రశ్న: కరెంటు తగిలితే రంగు మారే ప్లాస్టిక్‌లు ఉన్నాయట. అవే కరెంటును దాచుకుంటాయి కూడానట. ఒకే పదార్థం రెండు పనులు ఎలా చేస్తుంది?

జవాబు: ఆ రెండూ ఒకే పని కాబట్టి! పాలీఅనిలీన్ సంగతే చూడండి. 1862లో లండన్‌లో హెన్రీ లెథబీ అనిలీన్ సల్ఫేటు ద్రావణంలోకి కరెంటు పంపితే ప్లాటినం రేకు మీద నీలిపచ్చ పూత పేరుకుంది. అది పొడవాటి గొలుసు అణువులతో అయిన పాలిమర్ అని తేలడానికి చాలాకాలమే పట్టింది.

ఈ గొలుసులో బెంజీన్ వలయాలు, మధ్యమధ్య నైట్రోజన్ ఉంటాయి. ఎలక్ట్రాన్లు నిండుగా ఉన్నప్పుడు అది ముఖ్యంగా అతినీలలోహిత కాంతినే పీల్చుకుంటుంది. మన కంటికి కనిపించే కాంతి చాలావరకు దాటిపోతుంది. అందుకే పలచటి పూత లేత పసుపుగా, ఇంచుమించు తేటగా ఉంటుంది. ఆమ్ల ద్రావణంలో ఉంచి కొన్ని ఎలక్ట్రాన్లను లాగేస్తే గొలుసులో కొత్త శక్తిస్థాయిలు ఏర్పడతాయి. ఇప్పుడది ఎరుపునూ ఊదానూ మింగేసి ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఇంకా లాగితే ముదురు నీలం.

ఎలక్ట్రాన్ పోయినచోట ధనావేశం మిగులుతుంది. దాన్ని సరిపెట్టడానికి ద్రావణంలోని రుణ అయాన్లు పూతలోకి దూరతాయి. నిల్వ అంటే ఇదే. తీగ కలిపి వాడుకున్నప్పుడు ఎలక్ట్రాన్లు తిరిగొస్తాయి, అయాన్లు బయటపడతాయి, రంగు వెలుస్తుంది. ఎంత ఛార్జి మిగిలిందో పూత మొహం చూస్తేనే తెలిసిపోతుంది.

ప్రశ్న: అయితే ఈ పూత వేసిన కిటికీ అద్దంతో ఫోను ఛార్జి చేసుకోవచ్చా?

జవాబు: లెక్క వేద్దాం. చదరపు మీటరు అద్దానికి మైక్రాన్ మందాన పూత వేస్తే పట్టే పాలిమర్ ఒక ఘన సెంటీమీటరు, అంటే గ్రాము పైచిలుకు. పసుపు నుంచి ఆకుపచ్చకు మారేటప్పుడు గ్రాముకు సిద్ధాంతరీత్యా దక్కేది 150 ఎంఏహెచ్ లోపే. ఫోను బ్యాటరీలో 5,000 దాకా ఉంటుంది, వోల్టేజీ కూడా ఎక్కువే. పోనీ పూత మందం పెంచుదామా? అప్పుడు అద్దం పూర్తిగా తేటపడదు, అయాన్లు లోపలిదాకా చేరడమూ ఆలస్యమే. కాబట్టి కిటికీని బ్యాటరీ అని చెప్పి అమ్మేవాళ్లను నేనైతే నమ్మను. రంగు వేయడానికి ఖర్చయిన కరెంటులో కొంత తిరిగి రాబట్టుకోవడం, ఛార్జి ఎంతుందో రంగుతో చూపే చిన్న సూపర్‌కెపాసిటర్లు చేయడం మాత్రం అయ్యే పనులే.

మన్నికే అసలు చిక్కు. అయాన్ల రాకపోకలకు పూత ఉబ్బుతూ కుంచించుకుపోతూ చివరికి చిట్లుతుంది. ముదురు నీలం దాకా నెట్టి అక్కడే ఉంచితే నీరే గొలుసును తెంపుతుంది. అందుకే వోల్టేజీని ఆకుపచ్చ దగ్గరే ఆపేయడం మేలు.