బొద్దింకకు పెట్టిన కూడు

మన ఇండ్లలో బొద్దింక కనబడగానే మొట్టమొదట కదిలేది చీపురు. దీపపు గూళ్ళలో నూనె మరకలను ఆశ్రయించుకొని తిరిగేదని కాబోలు, సంస్కృతంలో దీనికి తైలపాయిక అని పేరు వచ్చినది. అనగా నూనె త్రాగునది. పేరు పెట్టినవారెవరో గాని ఆ ప్రాణిని దగ్గరగా చూచినవారే. మన ఇంటర్మీడియట్ విద్యార్థులు మరింత దగ్గరగా చూస్తారు. జంతుశాస్త్రంలో పెరిప్లానెటా అమెరికానా వారికొక పూర్తి పాఠం. పేరులో అమెరికా ఉన్నా, దాని పుట్టిల్లు ఆఫ్రికా అని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఓడలెక్కి లోకం చుట్టివచ్చినది. ఇంటిలో చీదరింపునకు, బడిలో పరీక్షకు మాత్రమే పాత్రమైన ఈ పురుగుల జాతిలో ఒకదానిని డబ్బిచ్చి కొని, వెచ్చని చోట ఉంచి, కేరట్ ముక్కలు తినిపించి పెంచేవారున్నారంటే మనకు నమ్మశక్యం కాదు. అయినా ఉన్నారు. అమెరికాలోను, ఐరోపా దేశాలలోను ఎన్నో గృహాలలో ఈ సాగు చాలాకాలంగా నడుస్తున్నది.

ఇది బొద్దింక మీది ప్రేమ కాదు. ఆ దేశాలలో కుక్కను, పిల్లిని పెంచినట్లే బల్లులను, తొండలను, టరాంటులా అనే పెద్ద జాతి సాలీళ్ళను పెంచే అలవాటున్నది. ఆఫ్ఘనిస్థానం, పాకిస్థానం ప్రాంతాల పొడినేలలలో పుట్టిన చిరుతమచ్చల బల్లి, ఆస్ట్రేలియా ఎడారులలో పుట్టిన గడ్డపు తొండ వారి గదులలో గాజు పెట్టెలలో నివసిస్తుంటవి. కుక్కకు అన్నం పెట్టినట్లు వీటికి గిన్నెలో కూడు పెడితే చాలదు. గడ్డపు తొండ ఎదిగిన తరువాత ఆకుకూరలు బాగా తింటుంది గాని, పిల్లతనంలో దానికి పురుగులే ప్రధానం. చిరుతమచ్చల బల్లికి, సాలీడుకు జీవితమంతా మాంసమే, అదికూడ కదలాలి. ప్రాణంతో కదిలేదే వాటికి ఆహారంగా తోస్తుంది. వారానికి వారం పురుగులు ఎక్కడినుంచి వస్తవి? తోటలో పట్టితే వాటి ఒంటిమీద ఏ పురుగుమందు ఉన్నదో తెలియదు. అందుచేత ఆహారాన్నికూడ పెంచవలసి వచ్చినది.

మొదట ఆ పాత్ర ఇలకోడిది. రాత్రులందు గోడ మూలలనుంచి కీచుమని పాడే ఆ పురుగునే అక్కడి ఫారాలలో లక్షలుగా పెంచి అమ్మేవారు, నేటికీ అమ్ముతున్నారు. కాని ఇలకోడితో వేగడం కష్టం. దాని కూత నిద్రపట్టనీయదు, దాని వాసన భరించలేనిది, దూకితే బీరువా క్రిందికి పోతుంది, అన్నిటికంటె ముఖ్యంగా ఊరకే చచ్చిపోతుంది. ఈ చివరి గుణానికి తోడు ఒక అంటువ్యాధి పుట్టినది. ఇలకోళ్ళకు మాత్రమే సోకే డెన్సోవైరస్ అనే ఆ రోగకారిని ఐరోపాలో 1977 నాటికే గుర్తించారు. 2009, 2010 ప్రాంతాలలో అది ఉత్తర అమెరికా ఫారాలను తుడిచిపెట్టినది; కొన్ని మూతపడ్డవి. బల్లులను పెంచుకొనేవారు దిక్కులు చూడసాగారు. అప్పటికే కొందరికి తెలిసియున్న ఒక బొద్దింకకు ఆ రోజులలో గిరాకీ పెరిగినది.

ఆ బొద్దింక బ్లాప్టికా డూబియా. అర్జెంటైనా, బ్రెజిల్, పరాగ్వే ప్రాంతాల అడవులలో రాలిన ఆకుల క్రింద బ్రతికేది. లాటినులో డూబియా అంటే సందేహాస్పదమైనది అని అర్థం. 19వ శతాబ్దంలో దానిని వర్ణించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సెర్విల్‌కు ఏ సందేహం కలిగినదో గాని, పెంచేవారికి మాత్రం దాని విషయంలో సందేహమే లేదు. రమారమి నాలుగు సెంటీమీటర్ల పొడవు, గోధుమ నలుపు కలిసిన రంగు, పైన నారింజ మచ్చలు. మగదానికి పూర్తి రెక్కలుంటవి. ఆడదానికి రెక్కల గుర్తులు మాత్రమే. మగది ఎగురగలిగినంతగా ఎగురదు. నునుపైన గోడమీద ఏదీ ఎక్కలేదు. కూయదు, దూకదు, అంతగా వాసన వేయదు. పెంపకానికి ఇంతకంటె ఏమి కావలెను?

భూమిమీద సుమారు 4,600 బొద్దింక జాతులున్నవని, వాటిలో మనిషి ఇండ్లను పట్టుకొని ఉండేవి 30 వరకేనని ఇక్కడ జ్ఞాపకం చేసుకోవలెను. మన వంటయింటి బొద్దింక చేసిన అపకీర్తిని అడవిలోని వేల జాతులు మోస్తున్నవి.

పాఠ్యపుస్తకం చదివిన విద్యార్థి ఇక్కడ ఒక విశేషం గమనించవచ్చును. పెరిప్లానెటా తన గుడ్లను గట్టి సంచిలో పెట్టి, ఆ సంచిని ఏ మూలనో అంటించి తన దారిన పోతుంది. డూబియా తల్లి అట్లా చేయదు. గుడ్లసంచిని ఒకసారి వెలుపలికి తీసి, త్రిప్పి, మరల తన కడుపులోని అరలోనికే లాగుకొంటుంది. సుమారు రెండు నెలలు మోసి, 20 నుంచి 35 వరకు పిల్లలను ప్రాణంతో కంటుంది. తెల్లగా బియ్యపుగింజలవలె ఉండే ఆ పిల్లలు కొన్ని గంటలలో రంగు తిరుగుతవి. నాలుగైదు నెలలలో ఆరేడుసార్లు కుబుసం విడిచి పెద్దవవుతవి. కుబుసం విడిచిన ప్రతిసారీ కొద్దిసేపు మరల పాలవలె తెల్లబడతవి. తెలియనివారు అది వింతజాతి అని భ్రమపడతారు. ఆ మెత్తని స్థితిలో అవి బల్లికి మిక్కిలి ప్రియం.

పెంపకానికి కావలసిన సామగ్రి స్వల్పం. ఎత్తయిన అంచులు గల నునుపైన ప్లాస్టిక్ పెట్టె ఒకటి. మూతలో గాలికి సన్నని జాలీ. లోపల నిలువుగా పేర్చిన కోడిగుడ్ల అట్టలు. అట్టలను పడుకోబెట్టరాదు, నిలబెడితే రెట్ట అడుగునకు రాలిపోయి పురుగులు శుభ్రంగా ఉంటవి. చీకటి వాటికి సుఖం. ఇక వెచ్చదనం: 30 నుంచి 35 సెంటీగ్రేడు డిగ్రీల వరకు ఉన్నప్పుడే అవి బాగా పిల్లలు పెడతవి, 20 డిగ్రీలకు దిగితే బ్రతికి ఉంటవి గాని సంతానం ఆగిపోతుంది. కనుక చలిదేశాల గృహస్థులు పెట్టె క్రింద విద్యుత్తుతో వేడెక్కే పలక అమరుస్తారు. ఇల్లంతా చలికి వణుకుతున్నా బొద్దింకల గది మాత్రం వెచ్చగా ఉంటుందన్నమాట. నీరు గిన్నెలో పోస్తే పిల్లలు మునిగి చస్తవి; తడిని పట్టి ఉంచే ముత్యాల వంటి గుళికలో, రసమున్న పండు ముక్కలో సరిపోతవి.

సామగ్రికంటె దుర్లభమైనది ఓర్పు. మందను కొన్న మరునాటినుంచే బల్లికి వడ్డించేవాడు నెల తిరిగేసరికి ఖాళీ పెట్టె చూచుకొంటాడు. తెలిసినవారు మొదటి నాలుగైదు నెలలు దానిని ముట్టరు. మొదటి తరం పిల్లలు పెద్దవై, తామూ పిల్లలు పెట్టడం మొదలైన తరువాతనే తీయడం ప్రారంభిస్తారు. అదికూడ మిగులు మగవాటిని ముందు. మూడు నాలుగు ఆడవాటికి ఒక మగది చాలును. విత్తనాల గింజలను వండుకొని తినకూడదని రైతుకు చెప్పనక్కరలేదు. ఈ పెంపకం నేర్పేదీ ఆ పాఠమే.

అన్నిటికంటె నన్ను ఆలోచింపజేసినది వాటి భోజనం. బొద్దింక ఏదైనా తింటుంది గదా అని కుళ్ళినది వేసేవారుంటారు. అది ఆ బొద్దింకకు అపకారం కాదు, బల్లికి అపకారం. బల్లి తినేది బొద్దింకనే కాదు, బొద్దింక కడుపులో ఉన్నదానినికూడ. అందుచేత వడ్డించడానికి ఒకటి రెండు రోజుల ముందు కేరట్, ఆకుకూర, గుమ్మడి, నారింజ, పొడి ధాన్యపు పిండి మేపి కడుపు నింపుతారు. పురుగులందు భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. బల్లి ఎముకకు కావలసినది దానికి తలక్రిందులు, భాస్వరానికి రెట్టింపు కాల్షియం. ఆ లోటు తీర్చకపోతే ఎముకలు మెత్తబడి, దవడ వంగి, కాళ్ళు వంకరపోయి ఆ ప్రాణి నెలల తరబడి కష్టపడి చస్తుంది. కనుక వడ్డించే ముందు బొద్దింకను కాల్షియం పొడిలో పొర్లిస్తారు. చేపముక్కకు పిండి అద్దినట్లే. అట్లాగని బలంకోసం కుక్కలకు పెట్టే మాంసపు ఆహారం దండిగా వేయడమూ మంచిది కాదు. బొద్దింక తనకు మించిన మాంసకృత్తులలోని నత్రజనిని బయటికి పంపక, యూరిక్ ఆమ్లంగా తన కొవ్వులో దాచుకొంటుంది. దాని దేహంలోనే కాపురముండే ఒక సూక్ష్మజీవి ఆ నిల్వను కరవు వచ్చినప్పుడు మరల పోషకంగా మార్చి ఇస్తుంది. బొద్దింకకు ఆ నిల్వ ధాన్యపు గాదె వంటిది. దానిని తినే తొండకు అదే బరువు.

ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. బొద్దింక రెట్టపొడి, విడిచిన కుబుసాల తునకలు గాలిలో కలిసి ముక్కులోకి పోతే, ఏళ్ళ తరబడి పెంచేవారిలో కొందరికి తుమ్ములు, దద్దుర్లు, ఉబ్బసం పట్టుకొంటవి. బొద్దింకలతో పనిచేసే శాస్త్రజ్ఞులకుకూడ ఇది తెలిసిన బాధ. బొద్దింకలోను రొయ్యలోను ఒకే తీరు మాంసకృత్తి ఉండడంవల్ల, ఒకటి పడనివారికి రెండవది పడకపోవచ్చును. ముక్కుకు గుడ్డ కట్టుకొని, ఆరుబయట పెట్టె శుభ్రం చేసుకొనేవారు వివేకులు.

మరొకటి ఇంకా పెద్దది. పెంచేవారందరూ డూబియాతో తృప్తిపడలేదు. మధ్య ఆసియా, పశ్చిమాసియాలకు చెందిన టర్కెస్తాన్ బొద్దింక త్వరగా పరుగెత్తుతుంది. దాని కదలిక బల్లులను ఊరిస్తుంది. అది అమెరికాలో మొదట 1978లో కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఒక సైనిక గిడ్డంగివద్ద కనబడినది. తరువాత నైరుతి రాష్ట్రాలలో వీధుల వెంట, నీటి మీటర్ల గుంటలలో, మొక్కల తొట్లలో స్థిరపడినది. అక్కడ చిరకాలంగా ఉన్న మరొక జాతి బొద్దింకను అది తరిమివేస్తున్నదని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు రివర్‌సైడ్ శాఖలో కిమ్, రస్ట్ అనే పరిశోధకులు 2013లో ప్రకటించారు. త్వరగా ఎదగడం, ఎక్కువ గుడ్లు పెట్టడం దాని బలం. ఆహారపు పురుగుగా తపాలలో ఇంటింటికి అమ్మడంకూడ దాని వ్యాప్తికి తోడ్పడినదని వారు భావించారు. డూబియా చలిదేశంలో పెట్టె దాటితే సంతానం లేకుండ పోతుంది. అక్కడ చలియే కావలి. మన కోస్తా జిల్లాల ఉక్కపోతలో ఆ కావలి లేదు. కనుక ఈ పెంపకాన్ని గురించి చదివి తెలుసుకోవడం వేరు, ఇక్కడ మొదలుపెట్టడం వేరు. మొదటిది మాత్రమే నేను కోరేది.

ఇంతకూ తెలుగు పాఠకునికి ఈ గొడవతో సంబంధమేమిటని అడగవచ్చును. సంబంధం ఒక సాలీడు. 1899లో పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ఒక కొత్త టరాంటులాను వర్ణించి పీసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. అది దొరికిన చోటు గుత్తి. అనంతపురం జిల్లాలోని మన గుత్తియే. రైల్వే కలప నిలవచేసే చోట దొరికినది. తరువాత 100 ఏళ్ళపాటు దాని జాడ లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో, గుత్తికి దాదాపు 100 కిలోమీటర్ల దూరాన, తిరిగి కనబడినది. కలప దుంగలతోపాటు రైలెక్కి గుత్తి చేరినదే ఆ మొదటి సాలీడు అని నిర్ణయించుకొన్నారు. నిప్పు నీలిమ వంటి మెరుపు నీలి, కాళ్ళపై పసుపు మచ్చలు. పెద్ద చెట్ల తొర్రలలో కాపురం. అది నివసించే నేల 100 చదరపు కిలోమీటర్లకైనా చాలదని, కలపకు వంటచెరకుకు చెట్లు నరకడంవల్ల అదీ తరిగిపోతున్నదని, 2008లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం దానిని అంతరించడానికి అతి చేరువలో ఉన్న ప్రాణుల పట్టికలో చేర్చినది. 2019లో ఆ ప్రజాతి మొత్తాన్ని అంతర్జాతీయ వ్యాపార నిబంధనల క్రిందికి తెచ్చారు. అనుమతి లేనిదే దేశపు ఎల్ల దాటించరాదు.

విదేశాలలో గుత్తి నీలమణి అనే అర్థంవచ్చే పేరుతో దానిని ఎరుగని సాలీటి ప్రియులు లేరు. బందిఖానాలోనే తరతరాలుగా పుట్టి పెరుగుతున్నది. గుత్తి ఎక్కడున్నదో తెలియని యింటిలో, గుత్తి పేరు మోస్తున్న సాలీడు, అర్జెంటైనా బొద్దింకను తిని బ్రతుకుతున్నది. మన జిల్లాలలో దానిని పేరు చెప్పి గుర్తించగల బడిపిల్లలు ఎందరో!

దానికి వడ్డించే పద్ధతికూడ చిత్రమే. డూబియాను అట్లే వదలితే మట్టిలో దూరి దాక్కొంటుంది, సాలీడుకు అందదు. కనుక తలను నొక్కి వదలుతారు. చిన్న సాలీడుకు చిన్న పిల్ల బొద్దింక, వారానికి ఒకటి రెండు. ఎదిగినదానికి ఇంకా తక్కువ. కుబుసం విడిచే ముందు సాలీడు వారాల తరబడి, ఒక్కొక్కప్పుడు నెలలు, పస్తుంటుంది. ఆ సమయంలో దాని ఒళ్ళంతా మెత్తబడి, కోరలుకూడ పనికిరావు. వెల్లకిలనో ప్రక్కకో పడి పాత చర్మంనుంచి కాళ్ళు ఒక్కొక్కటే లాగుకొంటుంటుంది. అప్పుడు ప్రాణంతో ఉన్న పురుగు ప్రక్కన ఉంటే, తినవలసినదే తినబడే ప్రమాదమున్నది. అందుచేత రాత్రి వదలిన బొద్దింక తెల్లవారేసరికి అలాగే ఉంటే, తెలిసినవారు పట్టకారుతో దానిని పైకి తీస్తారు. సాలీటినుంచి రోగం తెచ్చునేమో అని మరల మూలమందలో కలపరు. వేరొక డబ్బాలో ఒక కేరట్ ముక్క వేసి ఉంచుతారు.